హిందూపురానికి ఐదు ట్యాంకర్ల గాలి

(బెంగళూరు హూడి దగ్గర ఒక షెడ్డులో, ఆదివారం పొద్దున, తెలుగు రైడర్లు కూడినప్పుడు ఒక మెకానిక్ మాట్లాడినది. రికార్డింగ్ విని రాసినాం. మాట తీరు మార్చలేదు.)

నమస్కారం అందరికీ. వెనక నిలబడినోళ్ళు ముందుకు రండప్పా, ఆ టైర్ల మీద కూర్చోండి, అవి అమ్మేటివి కాదు. కాఫీ వస్తా ఉంది.

ముందు ఒక సంగతి తేలాల. బండికి కంపెనీ ఇచ్చిన గాలి ఫిల్టరు తీసేసి బయట ఫిల్టరు వేయించినోళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. పదకొండు. దించకండి, దించకండి. ఫిల్టరు వేసినాక జెట్టు, అదే కార్బరేటర్లో పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రం ముక్క, మార్చినోళ్ళు, లేకుంటే కనీసం ప్లగ్గు విప్పి చూసినోళ్ళు మాత్రమే ఎత్తి ఉంచండి. (నవ్వులు) ఇద్దరు. సరే, ఆ ఇద్దరూ కాఫీ తాగండి. నేను మిగతా తొమ్మిది మందితో మాట్లాడతా.

నాది కదిరి పక్కన పల్లె. ఇరవై ఆరేండ్ల కిందట బెంగళూరు వచ్చినా. మొదట జేసీ రోడ్డులో ఒక స్పేర్ల షాపులో పొట్లాలు కట్టినా, ఆ తర్వాత శివాజీనగర్‌లో ఒక మేస్త్రి దగ్గర బుల్లెట్ పని నేర్చుకున్నా. ఆయన నన్ను మొదటి ఆర్నెల్లు కార్బరేటర్ ముట్టనియ్యలేదు. ఫిల్టర్లు తుడిపించినాడు. రోజూ అదే పని. అప్పుడు కోపం వచ్చేది. ఇప్పుడు నా దగ్గర పనికి చేరే పిల్లోళ్ళతో నేనూ అదే చేయిస్తా ఉన్నా, వాళ్ళకీ కోపం వస్తా ఉంటుంది.

ఫిల్టరు అంటే ఎందుకంత పట్టింపు? ఒక లెక్క చెప్తా, రాసుకునేవాళ్ళు రాసుకోండి. పెట్రోలు సరిగ్గా మండాలంటే 1 గ్రాముకి 14.7 గ్రాముల గాలి కావాల. ఒక లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో అనుకోండి. దానికి 11 కిలోల గాలి. గాలికి బరువేందిరా అంటారు మీరు. బెంగళూరులో ఒక ఘనమీటరు గాలి కిలో పైన ఒక చిటికెడు తూగుతుంది. అంటే ఒక్క లీటరు పెట్రోలు కాలాలంటే బండి మింగాల్సిన గాలి పదివేల లీటర్లు. మన అపార్ట్‌మెంటుకు ఎండాకాలం వచ్చే నీళ్ళ ట్యాంకరు ఎంత? ఆరు వేల లీటర్లు. ఇక్కడి నుంచి హిందూపురం దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు, బుల్లెట్ లీటరుకి 35 ఇచ్చిందనుకోండి, మూడు లీటర్లు తాగుతుంది. మీరు హిందూపురం పోయి అమ్మ చేతి సంగటి తినే లోపల మీ బండి ఐదు ట్యాంకర్ల గాలి తాగేసింటుంది. ఆ గాలి యాడిది? హెబ్బాళ ఫ్లైఓవరుది, లారీల వెనకది, మెట్రో పిల్లర్ల కింద తవ్విపోసిన మట్టిది.

ఆ మట్టి గురించి కూడా చెప్పాల. లాల్‌బాగ్‌లో గుట్ట ఎక్కినారు కదా, అందరూ ఫోటో తీసుకునే ఆ బండ? అది మూడు వందల కోట్ల ఏండ్ల నాటి రాయి అని అక్కడ బోర్డు మీదే రాసింటారు. ఈ ఊరంతా ఆ జాతి రాయి మీదే కూర్చుంది. దాన్ని పిండి చేసే ఎమ్ శాండ్ చేస్తారు, దాంతోనే మీ ఫ్లాట్లు కడతారు. ఆ రాయిలో పలుగురాయి ఉంటుంది. మన సీమలో పొలాల గట్ల మీద తెల్లగా మెరిసేది, అదే. రాళ్ళ గట్టిదనం కొలిచే మోస్ స్కేలు ఒకటుంది, దాని మీద గాజు ఐదున్నర, పలుగురాయి 7. మీ ఇంజను బోరు, అంటే పిస్టన్ ఆడే గొట్టం, దాని ఇనుము దీని ముందు మెత్తన. పలుగురాతి పొడి పిస్టనుకీ బోరుకీ నడుమ దూరిందంటే అది ఇంజనాయిలుతో కలిసి గ్రైండింగ్ పేస్టు అయిపోతుంది. వాల్వులు రుద్దడానికి మేము డబ్బాలో కొనుక్కొచ్చే పేస్టు చూసినారు కదా, అచ్చం అదే. మీరు ఊరికే తయారుచేసి ఇంజనుకి పోస్తా ఉన్నారు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నా బండి బోరుని ఆ దుమ్ముకి నేనే తినిపించినా. పన్నెండేండ్ల కిందట, నా సొంత బండికి ఒక ఓపెన్ ఫిల్టరు కొన్నా. ఎర్ర డబ్బా, పైన అమెరికా కంపెనీ పేరు, హోలోగ్రామ్ కూడా ఉంది. ఎవరమ్మినారో అడగొద్దు. సగం ధరకి ఇస్తా ఉంటే నా బుద్ధి యాడ పోయిందో. వేసిన మొదటి వారం భలే ఉంది. సౌండు చూస్తే పులి. ఏడు వేల కిలోమీటర్లు తిరిగినాక పొద్దున స్టార్ట్ చేస్తే సైలెన్సరు నుంచి నీలం పొగ. హెడ్డు దించి చూస్తే బోరులో నిలువుగీతలు, గోరు పెడితే తగులుతాయి. రింగులు పలచబడి పోయినాయి. రీబోరు, కొత్త పిస్టన్, గాస్కెట్లు. ఫిల్టరు మీద మిగిల్చిన డబ్బుకి పది రెట్లు పోయింది.

అప్పుడు కూర్చుని ఆ ఫిల్టరుని విప్పి చూసినా. గుడ్డ బాగానే ఉందప్పా! తప్పు గుడ్డలో లేదు. దాని రబ్బరు మూతి కార్బరేటర్ మూతి కంటే ఒక మిల్లీమీటరు వెడల్పు. క్లాంపు బిగిస్తే ఒకపక్క రబ్బరు మడత పడి, ఆ మడత కింద సందు మిగిలింది. అగ్గిపుల్ల పట్టేంత. గాలి పిచ్చిది కాదు, కష్టపడి గుడ్డలో నుంచి దూరేదానికంటే సులభంగా ఆ సందులో నుంచే పోతుంది. జల్లెడ ఎంత మంచిదైనా అంచున చిల్లుంటే పిండిలో పురుగు పడక తప్పదు. డబ్బా నకిలీదే, ఒప్పుకుంటా. కానీ కొలత చూసుకోకుండా బిగించింది నా చెయ్యే.

అందుకే నేను గిరాకీకి ముందు చెప్పేది, ఫిల్టరు మంచిదా చెడ్డదా తర్వాత చూద్దాం, అది యాడ ఆనుకుంటుందో ఆ అంచు చూద్దాం అని.

సరే, ఇప్పుడు రకాలు. కంపెనీ బండితో వచ్చేది ఎక్కువగా కాగితం, మడతలు మడతలుగా. దుమ్ము పట్టడంలో కాగితాన్ని మించింది లేదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడద్దు. కాకపోతే నిండేకొద్దీ గాలి బిగబడుతుంది, ఉతికి వాడేది కాదు, మార్చాల్సిందే. రెండోది ఫోము, స్పాంజీ లాంటిది, ఆయిలు తడిపి వాడతారు, మట్టిలో పరిగెత్తే బండ్లకి అదే. మూడోది మీరు కొనేది: నూలు గుడ్డ పొరలు, అటూ ఇటూ తీగల జాలి, మధ్యలో జిడ్డు ఆయిలు. కె అండ్ ఎన్ అనే కంపెనీ 1969లో కాలిఫోర్నియాలో మొదలైంది, ఈ రకానికి పేరు తెచ్చింది వాళ్ళే. గుడ్డ పోగుల మధ్య సందులు కాగితం కంటే పెద్దవి, కాబట్టి గాలి సులభంగా పోతుంది. మరి దుమ్ము? దాన్ని ఆపేది పోగు కాదు, పోగు మీది ఆయిలు. అంటుకుపోతుంది. ఆయిలు ఆరిపోయిన గుడ్డ ఫిల్టరు దోమతెర లాంటిది, దోమను ఆపుతుంది, దుమ్మును ఆపదు.

దీంట్లో మళ్ళీ రెండు విధాలు. ఫిల్టరు కూర్చునే కంపెనీ డబ్బా, ఏర్‌బాక్సు అంటారే, దాంట్లోనే, పాతదాని స్థానంలో అదే ఆకారంలో కూర్చునేది ఒకటి. డబ్బా పీకేసి కార్బరేటర్ మూతికి నేరుగా తగిలించే శంకు ఆకారం ఇంకొకటి. మొదటిదాంతో గొడవ తక్కువ, చాలా బండ్లలో జెట్టు ముట్టాల్సిన పని కూడా రాదు. నా సలహా ఎప్పుడూ మొదటిదే. కానీ మీరు రెండోదే అడుగుతారు, ఎందుకంటే అది బయటికి కనపడుతుంది. (నవ్వులు)

డబ్బా పీకేముందు అది ఎందుకుందో తెలుసుకోవాల కదా. ఇదిగో, ఈ బండి 2014 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, కార్బరేటర్ మోడల్. 346 సీసీ, ఒకటే సిలిండరు. నాలుగు వేల ఆర్‌పీఎమ్‌లో ఇది నిమిషానికి రెండు వేల గుక్కలు తాగుతుంది, సెకండుకి 33. ధారగా తాగదు, గుటక, ఆపు, గుటక, ఆపు. ప్రతి గుటకకీ పక్కనే నిలకడైన గాలి సిద్ధంగా ఉండాల, దానికే డబ్బా. బావి నుంచి నేరుగా తోడుకోకుండా తొట్టిలో నింపుకున్నట్టు. రెండోది, ఆ గుటకల చప్పుడు బయటికి రాకుండా మింగేది డబ్బానే. మూడోది, వాన. నాలుగోది ఎవరూ ఆలోచించరు: చల్లగాలి. శంకు ఫిల్టరు పెట్టినారంటే అది సిలిండరు వెనకాల వేడిలో కూర్చుంటుంది. టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ ట్రాఫిక్‌లో సాయంత్రం ఆరుకి నలభై నిమిషాలు నిలబడితే అది పీల్చేది మీ ఇంజను వదిలిన సెగే. వేడిగాలి పలచన, పలచని గాలిలో దమ్ము తక్కువ.

మరి ఫిల్టరు మారిస్తే పికప్ వచ్చిందంటారే? వచ్చింది చెవికి. డబ్బా పోయింది కదా, గుటకల చప్పుడు నేరుగా మోకాలి పక్క నుంచి వినపడుతుంది. ఈ ఇంజను ఇచ్చేదే 19.8 బీహెచ్‌పీ, దీంట్లో ఫిల్టరు ఒక్కటే మార్చితే కలిసొచ్చేది మీ జేబులో పర్సు పక్కన పెడితే కలిసొచ్చేదానికంటే పెద్ద ఎక్కువేం ఉండదు. సైలెన్సరు, ఫిల్టరు, జెట్టు మూడూ కలిసి ఒక లెక్కలో చేసినప్పుడు తేడా తెలుస్తుంది. ఒకటి మార్చి రెండు వదిలేస్తే కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

ఊడిన కథ చెప్తా. ఒక అబ్బాయి, మారతహళ్ళిలో సాఫ్ట్‌వేరు, మంచోడు. యాడో శంకు ఫిల్టరు వేయించుకున్నాడు, జెట్టు ముట్టలేదు. ఊళ్ళో రెండు నెలలు తిరిగినాడు, ఏం కాలేదు. నా దగ్గరికి ఆయిలు మార్పించడానికి వచ్చినప్పుడు చెప్పినా, అబ్బీ, ఇది లీన్‌గా ఉంది, గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ, దూరం పోవద్దు అని. "బాగానే ఉంది కదన్నా" అన్నాడు. జనవరిలో తిరుపతికి బయల్దేరినాడు. కోలారు దాటినాడు, ముళబాగిలు దాటినాడు, పలమనేరులో టిఫిన్ చేసినాడు, అంతవరకూ బాగుంది. మొగిలి ఘాట్ దిగేటప్పుడు యాక్సిలేటర్ వదిలితే సైలెన్సరులో పటపట. చిత్తూరు దాటి రోడ్డు సాపు అయినాక గట్టిగా లాగినాడు. అరగంటలో ఇంజను లాగడం మానేసింది, కాళ్ళకి సెగ కొడతా ఉంది. నాకు ఫోను. ప్లగ్గు విప్పి వీడియోలో చూపించరా అంటే, చూపించినాడు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

బెంగళూరులో కానిది చిత్తూరు కింద ఎందుకయింది? ఇది బాగా వినండి. మన బెంగళూరు సముద్రం కంటే 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ గాలి చెన్నైలోకంటే ఎనిమిది, తొమ్మిది శాతం పలచన. కార్బరేటరుకి ఆ సంగతి తెలీదు, దానికి మెదడు లేదు, వచ్చిన గాలి వేగాన్ని బట్టి పెట్రోలు వదులుతుంది. గాలి పలచనైతే మిశ్రమంలో పెట్రోలు వాటా కాస్త ఎక్కువవుతుంది. అంటే ఈ ఊళ్ళో ప్రతి కార్బరేటరు బండీ కొద్దిగా రిచ్‌గానే తిరుగుతుంది. ఆ రిచ్ వీని లీన్‌ని కప్పిపెట్టింది. తిరుపతి ఉండేది 160 మీటర్ల ఎత్తులో. కిందికి దిగేకొద్దీ గాలి చిక్కబడింది, కప్పు తొలిగింది, అసలు రంగు బయటపడింది. దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే నూటికి ఇరవై పాళ్ళు ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ ఒక గ్రాముకి 9 గ్రాముల గాలే చాలు, ఆక్సిజన్ దాని ఒంట్లోనే కొంత ఉంటుంది. పాత జెట్టుతో ఈ పెట్రోలు వాడితే బండి అసలే ఒక మెట్టు లీన్. దాని మీద ఓపెన్ ఫిల్టరు ఇంకో మెట్టు. దేవుని దయ, పిస్టన్ పట్టేయలేదు. బండిని టెంపోలో ఎక్కించి తెచ్చినాం. వాడు బస్సులో కొండకి పోయి వచ్చినాడు.

ఇంక పనిలోకి వద్దాం. ఇటు చూడండి, లైటు ఇటు తిప్పు అబ్బీ.

విప్పకముందు డబ్బా బయట, కార్బరేటర్ చుట్టూ తుడవండి. మూత తీయగానే బయటి మట్టి లోపల పడితే ఫిల్టరు తీసింది దండగ. పాత ఫిల్టరు తీసినాక వెంటనే మూతిలో ఒక శుభ్రమైన గుడ్డ కుక్కండి. నట్టు ఒకటి లోపలికి జారిందంటే హెడ్డు దించాల్సిందే. ఆ గుడ్డ ఎర్రదో పచ్చదో పెట్టండి, తోక బయటికి వేలాడేట్టు. ఎందుకంటే మా షెడ్డులో ఒక పిల్లోడు నల్ల గుడ్డ పెట్టి, దాని మీదే కొత్త ఫిల్టరు బిగించినాడు. ముప్పావు గంట కిక్కు కొట్టినాం. ప్లగ్గు మార్చినాం, కాయిలు అనుమానించినాం, బ్యాటరీని తిట్టినాం. (నవ్వులు)

కొత్త ఫిల్టరు కొనేముందు కార్బరేటర్ మూతి వెర్నియరుతో కొలవండి. స్కేలుతో కాదు, "బుల్లెట్‌కి సరిపోతుంది సార్" అనే షాపాయన నోటితో కాదు. ఇప్పుడు దగ్గరికి రండి, ఈ మూతిలో చూడండి. పెద్ద రంధ్రం చుట్టూ, అంచున, చిన్న చిన్న రంధ్రాలు కనపడతా ఉన్నాయా? గుండుసూది పట్టేవి. ఒకటి ఐడ్లింగ్ చూసే పైలట్ సర్క్యూట్‌కి గాలి పోయే దారి, ఇంకొకటి మెయిన్ జెట్టుకి. ఇది వ్యాక్యూమ్ కార్బరేటర్, లోపల రబ్బరు డయాఫ్రమ్ ఉంటుంది, దాని కింది గదికి గాలి అందే దారి కూడా ఈ మూతి దగ్గరే. చవక ఫిల్టరు రబ్బరు లోపలి అంచు మందంగా ఉండి ఈ రంధ్రాలని మూసేస్తుంది. అప్పుడు ఐడ్లింగ్ నిలబడదు, ఆ డయాఫ్రమ్ ఎత్తే స్లైడు లేవదు, మీరు జెట్టు మీద జెట్టు మార్చుకుంటా కూర్చుంటారు. ఫిల్టరు తొడిగి, తీసి, రబ్బరు మీద పడిన అచ్చు చూడండి. రంధ్రం ఉన్నచోట అచ్చు పడిందంటే ఆ ఫిల్టరు వద్దు, వాపసు ఇచ్చేయండి. నేను ఇట్లా మూడు నెలల్లో నాలుగు బండ్లు చూసినా, నాలుగింటికీ పాపం కార్బరేటర్ మార్చమని యాడో చెప్పినారంట.

క్లాంపు బిగించేటప్పుడు బలం చూపించద్దు. రబ్బరు కదలకుండా ఉంటే చాలు, పిండితే మడత పడుతుంది. ఆ మడత కథ చెప్పినా కదా.

డబ్బా పీకితే దానికి తగిలించిన గొట్టాలు గాల్లో వేలాడతాయి. వాటిని ఏం చేస్తారు? చాలామంది బోల్టు పెట్టి మూసేస్తారు. క్రాంక్‌కేసు, అంటే ఇంజను అడుగు గది, దాని ఊపిరి గొట్టం, బ్రీదర్ అంటారు, అది మూసినారంటే లోపల ప్రెషరు పోవడానికి దారి లేక ఆయిలు సీళ్ళ నుంచి కారుతుంది. దానికి చిన్న బ్రీదర్ ఫిల్టరు ఉంటుంది, అది పెట్టండి, కింద పడే ఆయిలు టైరు మీద కారకుండా గొట్టం దారి చూడండి. కొన్ని బండ్లలో పొగ తగ్గించడానికి సైలెన్సరు వైపు గాలి పంపే వాల్వు ఉంటుంది, దానికీ డబ్బా నుంచే శుభ్రమైన గాలి పోతుంది. ఆ గొట్టం తెరిచి వదిలేస్తే అది దుమ్ము గాలి తాగుతుంది.

పెద్ద బండ్లోళ్ళు ఇద్దరు వచ్చినట్టున్నారు, మీకో మాట. హార్లే వీ ట్విన్‌లో ఏర్ క్లీనర్ కుడిపక్క బయటికి ఉంటుంది కదా, అది హెడ్లకి రెండు బోల్టులతో పట్టుకుని ఉంటుంది. అవి ఉత్త బోల్టులు కాదు, నడుమ బోలు. క్రాంక్‌కేసు ఊపిరి వాటి గుండానే బయటికి వస్తుంది. కొత్త కిట్టు వేసేటప్పుడు వాటి రబ్బరు ఓ-రింగులు పాతవే పెడితే కుడికాలి బూటు మీద ఆయిలు చుక్కలు పడతా ఉంటాయి. వెనక ప్లేటుని పట్టుకునే చిన్న స్క్రూలకి, ఊడకుండా పట్టే నీలం లాక్‌టైట్ జిగురు వేయండి, టార్క్ రెంచితో బిగించండి. ఆ ఇంజను ఊగుడు మీకు తెలుసు. ఆ స్క్రూ ఊడితే కింద పడదు, ఇంజను నోట్లో పడుతుంది.

జెట్టు సంగతి. థ్రాటిల్ కొద్దిగా తిప్పినప్పుడు పనిచేసేది పైలట్ జెట్టు, పావు నుంచి ముప్పావు వరకూ నీడిల్, ఆ పైన మెయిన్ జెట్టు. ముందు మెయిన్. ఉన్న నంబరు మీద ఒక మెట్టు పైది వేయండి, చాలకపోతే రెండు. ఒకేసారి నాలుగు మెట్లు ఎగరద్దు. తర్వాత నీడిల్ కింద సన్న వాషరు పెట్టి ఎత్తాల్నా వద్దా చూడండి. చివరికి పైలట్ స్క్రూ: ముందు మెత్తగా లోపలికి తిప్పుతా ఎన్ని చుట్లో లెక్కపెట్టి రాసుకోండి, అప్పుడు తప్పు చేసినా మొదటికి రావచ్చు. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. మూడూ ఒకేరోజు మార్చినోనికి ఏది పనిచేసిందో వాని దేవునికే తెలియాల.

చూసేది ప్లగ్గులో. ఇంజను బాగా వేడెక్కినాక, దేవనహళ్ళి దాటి పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద, చట్టం ఒప్పుకునే వేగంలోనే, పై గేరులో బండి లాగుతా ఉండగా క్లచ్ పట్టి కిల్ స్విచ్ కొట్టండి. పక్కకి ఆపి ప్లగ్గు విప్పండి. ఇదిగో మూడు తెచ్చినా, చేతులు మార్చుకుంటా చూడండి. పొడి మసి నలుపు, అది రిచ్. తెల్లది లీన్, మన తిరుపతి అబ్బాయిదే అది. మూడోది పాలెక్కువ టీ రంగు, అది కావాల్సింది. ఇథనాల్ పెట్రోలుతో రంగు వెనకటంత స్పష్టంగా రాదు, కాబట్టి రంగు ఒక్కటే నమ్మద్దు. చోక్ కొద్దిగా లాగితే బండి మెరుగ్గా నడిచిందంటే అది లీన్. యాక్సిలేటర్ వదిలితే పటపట, ఇంజను ఆలస్యంగా ఐడ్లింగ్‌కి దిగడం, అవీ లీన్ గుర్తులే.

ఎఫ్‌ఐ, అంటే కార్బరేటర్ బదులు ఇంజెక్టరు ఉండే బండ్లోళ్ళు, నిద్రపోద్దు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 పొగ నియమం వచ్చినాక కొత్త బండ్లన్నీ దాదాపు అవే. మాకు జెట్టు లేదు, ఈసీయూ, అదే బండి కంప్యూటరు, చూసుకుంటుంది అంటారు. కొంత నిజం. సైలెన్సరు దగ్గర ఆక్సిజన్ సెన్సారు చూసి అది సర్దుకుంటుంది, కానీ నిలకడగా పోయేటప్పుడు మాత్రమే. గట్టిగా తిప్పినప్పుడు సెన్సారు మాట వినదు, కంపెనీలో రాసిపెట్టిన పట్టిక ప్రకారం పోస్తుంది. ఆ పట్టిక మీ పాత డబ్బాకి రాసినది. డబ్బాలోపల ఫిల్టరు మారిస్తే సర్దుకుంటుంది, డబ్బానే పీకేస్తే ట్యూనింగ్ చేయించాల్సిందే. కొన్నింట్లో గాలి వేడి చూసే సెన్సారు డబ్బాకే గుచ్చి ఉంటుంది, దాన్ని ఇంజను పక్కన వేలాడదీస్తే అది ఎప్పుడూ ఎండాకాలం అనుకుంటుంది.

బిగించినాక పరీక్ష ఒకటుంది, మా మేస్త్రి నేర్పినది. ఫిల్టరు దాటినాక లోపలి రబ్బరు గొట్టంలో వేలితో సన్నగా గ్రీసు పూయండి, పొరలాగా. గడ్డ కాదు. రెండు వందల కిలోమీటర్లు తిరిగి, విప్పి, అదే వేలితో తుడిచి, రెండు వేళ్ళ మధ్య రుద్దండి. నున్నగా ఉంటే సంతోషం. గరుకుగా తగిలిందంటే దుమ్ము పోతా ఉంది. ఒకపక్కే గరుకుందంటే సందు ఆ పక్కే ఉంది. టార్చి కూడా అక్కర్లేదు.

ఉతకడం. బంకులో గాలి గన్ను పెట్టి కొట్టేవాళ్ళు చేతులెత్తండి... వద్దులే, ఎత్తద్దు. (నవ్వులు) గుడ్డ ఫిల్టరుని గాలితో కొడితే పోగులు విడిపోతాయి. పెట్రోలు, కిరోసిన్ పోస్తే రబ్బరు ఉబ్బుతుంది. దానికి ఇచ్చే క్లీనరు పూసి, కాసేపు నానబెట్టి, కొళాయి సన్నధార కింద లోపలి నుంచి బయటికి కడగండి. నీడలో ఆరబెట్టండి, రాత్రంతా పట్టినా పర్వాలేదు. పూర్తిగా ఆరినాకే ఆయిలు, మడత మడత వెంబడి సన్నగా. ఇరవై నిమిషాలాగి రంగు పట్టనిచోట మళ్ళీ. పులుసు పోసినట్టు పోస్తే అది కారి కార్బరేటర్లోకి పోతుంది. ఎన్నాళ్ళకి కడగాల? ఫిల్టరు అమ్మే అట్టడబ్బా మీద రాసిన కిలోమీటర్లు మన వైట్‌ఫీల్డ్ రోడ్డు చూసి రాసినవి కావు. మడతల మధ్య తీగ జాలి కనపడకుండా మట్టి పేరుకున్నప్పుడు.

వానలో శంకు ఫిల్టరుకి మీద తొడిగే గుడ్డ తొడుగు దొరుకుతుంది, వేయండి. అది తుంపరకే. అండర్‌పాస్‌లో నీళ్ళు నిలిచినచోట ఆ ఫిల్టరుతో దిగద్దు. నీళ్ళు పిస్టన్ మీదికి పోతే అవి నొక్కుకోవు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది.

ప్రశ్నలు. ఆ, చెప్పు తమ్ముడూ.

పోలీసులు పడతారా అని అడుగుతున్నాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉంది, కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా బండి మార్చకూడదని. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. డబ్బాలోపల ఫిల్టరు గురించి నన్ను ఎవరూ అడిగింది లేదు. సైలెన్సరు అరిస్తే పడతారు, పట్టిన సైలెన్సర్లని రోడ్డు రోలరుతో తొక్కించిన వీడియోలు మీరూ చూసినారు. ఇంకొకటి, వారంటీలో ఉన్న బండికి డబ్బా పీకి, రేపు ఇంజనులో ఏదైనా అయితే షోరూమోళ్ళు ముందు చూసేది దాన్నే.

ఆ అమ్మాయి ఏదో అడగాలంటోంది. గట్టిగా, అమ్మా. ఆఁ, తన బండికి ఆల్రెడీ శంకు వేసుంది, నాన్న చిత్తూరు నుంచి ఫోను చేసి పండక్కి బండి మీదే రా అన్నాడంట, పోవచ్చా అని. (నవ్వులు) ఏం బండమ్మా? క్లాసిక్, కార్బరేటరుదే? పండగ ఎన్ని రోజులుంది? పది రోజులు. జెట్టు మార్చినారా? తెలీదు. సరే, బండి బయటే ఉందా? లోపలికి తొయ్యండి. ఇంతసేపు నేను మాట్లాడింది దాని మీదే చూపిస్తా. అబ్బీ, ప్లగ్గు స్పానరు తే. ఎవరైనా ఒకరు ఆ టార్చి పట్టుకోండి, ఇంజను చల్లగా ఉందో లేదో చెయ్యి పెట్టి కాదు, నీళ్ళు చిలకరించి చూడండి.